రస్కు వెనక కాళ్ళు

జంతువుల ఆసుపత్రిలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఒక్కరూ లేరు. డాక్టరమ్మ దగ్గర్నుంచి గేటు కాపలాదారు దాకా అందరికీ ఆమె కంగారక్కే. ఎవరైనా మంచినీళ్ళ గ్లాసు కోసం చెయ్యి చాపితే, ఆ చెయ్యి సగం దూరం పోకముందే గ్లాసు తెచ్చి అందులో పెడుతుంది. తుమ్మబోతున్న మనిషికి ముందే రుమాలు అందిస్తుంది. తీరా ఆ తుమ్ము రాకపోతే తప్పంతా తనదే అయినట్టు నొచ్చుకుంటుంది. మంచి మనిషే, కాదనను. కానీ ఆ మంచితనం పక్కన కాసేపు కూర్చుంటే ఎవరికైనా ఊపిరాడదు.

ఇంట్లోనూ అదే వరస. ఆమె భర్త దుకాణాలకు బోర్డులు రాసే పెయింటరు. అక్షరాన్ని ఎంత నిదానంగా దిద్దుతాడో మాటనూ అంతే నిదానంగా పలుకుతాడు. "ఇవాళ కూర..." అని ఆయన మొదలుపెడితే, "ఉప్పెక్కువైంది, అంతేగా? నాకు తెలుసు, రేపు తగ్గిస్తాలే" అని ఈవిడే ముగించి కంచం తీసేస్తుంది. కూర బాగుందనబోయాడో, ఇంకొంచెం వడ్డించమనబోయాడో ఆ దేవుడికే తెలియాలి. పెళ్ళయిన నాటి నుంచీ ఆయన మొదలుపెట్టిన మాటల్లో ఆయన నోటితోనే పూర్తయినవి బహు తక్కువ.

వీళ్ళకు ఒక్కగానొక్క కూతురు. ఈడు పిల్లలంతా వీధిలో పరుగులు తీస్తున్నా ఆ పిల్ల మాత్రం అడుగు వేయలేదు. భయపడి చూపిస్తే కాళ్ళు భేషుగ్గా ఉన్నాయన్నారు. ఉండక ఏం చేస్తాయి? పిల్లను చంక దించితే కదా! చివరికి తల్లి జ్వరంతో మంచమెక్కిన వారంలో పిల్ల తనంతట తనే లేచి నడిచింది. ఇప్పుడు చెప్పుల దుకాణంలో రోజంతా నిలబడే పని చేస్తోంది. "చిన్నప్పుడు దాచిపెట్టిన నడకంతా ఇప్పుడు ఖర్చు పెడుతున్నానమ్మా" అని తల్లిని ఏడిపిస్తుంది.

కంగారక్క మొదట ఆసుపత్రిలో గచ్చు తుడిచే పనికి కుదిరింది. తుడిచే మనిషి తుడిచి ఊరుకోవాలి గదా. ఈవిడ కట్టు విప్పుకుంటున్న కుక్కకు కట్టు సర్దేది, మందు మింగని మేకను బుజ్జగించేది, ఏడుస్తున్న యజమానికి కుర్చీ వేసేది. ఇది చూసి డాక్టరమ్మ ఆమె చేతిలోంచి చీపురు తీసుకుని నీళ్ళ గది అప్పగించింది.

నీళ్ళ గదిలో నడుము ఎత్తున ఒక అద్దాల తొట్టి ఉంటుంది. దాని అడుగున వెడల్పాటి రబ్బరు పట్టా. మీట తిప్పితే ఆ పట్టా మెల్లగా వెనక్కి జరుగుతూ ఉంటుంది. తొట్టిలో గోరువెచ్చటి నీళ్ళు నింపి, నడవలేని జంతువును అందులో నిలబెడితే నీళ్ళు కొంత బరువు మోస్తాయి, పొట్ట కింద కట్టిన పట్టీ ఇంకొంత మోస్తుంది. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు తొడుక్కుని, జంతువు వెనక చిన్న పీట వేసుకుని కూర్చుని, కాళ్ళకు నడక గుర్తు చేయడం కంగారక్క పని. కుక్కలు దిగులుగా ముఖం పెట్టి ఓర్చుకుంటాయి. పిల్లులు మాత్రం నీళ్ళలో దిగేటప్పుడు పెట్టే శాపనార్థాలు మనిషి భాషలో ఉంటే చెవులు మూసుకోవలసిందే.

ఆ గదిలోకి ఒకరోజు రస్కు వచ్చింది.

రస్కు రొట్టెల దుకాణం ఆవిడ కుక్క. బాగా కాలిన రొట్టె రంగు ఒళ్ళు, దూడంత మనిషి. దాన్ని "మనిషి" అంటే ఆవిడ ఒప్పుకుంటుంది, "కుక్క" అంటే ఒంటికాలి మీద లేస్తుంది. ఆవిడకు పెళ్ళీ పిల్లలూ లేరు. పిండి పిసికి పిసికి మొద్దుబారిన పెద్ద చేతులూ, ముక్కు మీద కోపమూ, వీధి చివరకు వినిపించే గొంతూ ఆవిడ ఆస్తి. ఆవిడ పొయ్యి రాజేసే వేళకు రస్కు గుమ్మంలో పడుకునేది, సరుకు వేయడానికి వ్యాను తీస్తే వెంట పరిగెత్తేది. అలాంటి ఒక ఉదయాన ఆవిడే వ్యాను వెనక్కి తీసింది. చక్రం కింద ఏదో మెత్తగా తగిలింది. ఆ తర్వాత రస్కు వెనక కాళ్ళు రెండూ చచ్చుబడ్డాయి.

"నేనే తొక్కించాను. నా చేతులతో పెంచి నా చేతులతోనే తొక్కించాను" అని ఆవిడ అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పేది. ఆ మాట అనేటప్పుడు మాత్రం గొంతు పెద్దగా ఉండేది కాదు.

డాక్టరమ్మ ఆపరేషన్ చేసి వెన్ను సరిచేసింది కానీ కాళ్ళు కదల్లేదు. వెనక భాగానికి చక్రాల బండి కట్టి చూశారు. రస్కు అందులో రాయిలా నిలబడి తిండి మానేసింది. విప్పేస్తే ముందు కాళ్ళతో ఒళ్ళంతా ఈడ్చుకుంటూ తిరిగింది, ఈడ్చిన చోటల్లా చర్మం లేచి పుళ్ళు పడ్డాయి. ఒక పుండు మానేలోపు ఇంకొకటి చీము పట్టేది. డాక్టరమ్మ దాపరికం లేకుండా చెప్పింది.

"నెలాఖరు దాకా చూద్దామమ్మా. వెనక కాళ్ళు బరువు మోసి, అడుగు వేసి, నేల మీద ఈడ్వకుండా ఉంటే బతుకుతుంది. లేకపోతే ఈ పుళ్ళతో దాన్ని హింస పెట్టడం నా వల్ల కాదు. నొప్పి లేకుండా నిద్రపుచ్చేద్దాం."

రొట్టెలావిడ రస్కు వెన్ను నిమిరింది. నిమురుతూనే అడిగింది. "వెన్నులో తీగ తెగిపోయిందన్నారు కదా. తెగిన తీగకి దీపం వెలుగుతుందా?"

"తెగింది మెదడుకీ కాళ్ళకీ మధ్య తీగ. కాళ్ళని నడిపించే నరాల ముడి మాత్రం ఇక్కడ, నడుం దగ్గర వెన్నుపాములో, చెక్కుచెదరకుండా ఉంది." డాక్టరమ్మ రస్కు నడుము మీద వేలు పెట్టి చూపించింది. "మనం నడిచేటప్పుడు ఇప్పుడు ఎడమ, ఇప్పుడు కుడి అని మెదడు ఒక్కో అడుగూ లెక్కపెట్టి చెప్పదమ్మా. పద అంటుంది, ఆగు అంటుంది, తొందరగా అంటుంది. తాళం వేసేది ఈ ముడే. ఇద్దరు వడ్రంగులు పెద్ద రంపం లాగుతుంటే చూశారా? ఒకడు లాగేటప్పుడు రెండోవాడు వదలాలి. ఇక్కడా అంతే. ఇటువైపు నరాలు కాలు ముడిస్తే అటువైపు వాటిని నోరుమూసుకోమంటాయి, తర్వాత అవి వీటిని. ఊపిరి తీయడం, నమలడం, చేప ఈదడం, పిట్ట రెక్కలు కొట్టడం, అన్నిటి వెనకా ఇలాంటి ముడులే ఉంటాయి."

"తల తెగిన కోడి పరిగెత్తినట్టు" అంది రొట్టెలావిడ మొహమాటం లేకుండా.

"అదీ ఇదే. కాకపోతే కోడిది గుడ్డి పరుగు. మనం ఈ ముడికి నేర్పొచ్చు. నేల తగిలిందా, పాదం మీద ఎంత బరువు పడింది, తొడ ఎంత వెనక్కి సాగింది, ఇవన్నీ దానికి కాళ్ళ నుంచే తెలుస్తాయి. తొడ పూర్తిగా వెనక్కి సాగి, పాదం మీద బరువు తగ్గాక, ఇక ఎత్తు అని దానికి కబురు అందుతుంది. అప్పుడే కాలు ముందుకొస్తుంది. అందుకని అక్కా, పట్టా మీద కాలు వెనక్కి పోయేటప్పుడు..."

"పట్టుకోవాలి. నాకు తెలుసు" అంది కంగారక్క.

"కాదక్కా. పోనివ్వాలి. పోయి పోయి ఇక పోలేనంత దాకా పోనివ్వాలి."

"అలాగే అలాగే" అని కంగారక్క గట్టిగా తల ఊపింది. మాట చెవుల దాకా వెళ్ళింది, చేతుల దాకా మాత్రం వెళ్ళలేదు.

మర్నాటి నుంచి పని మొదలైంది. తొట్టిలో నీళ్ళు నిండాయి, పట్టీ బిగిసింది, పట్టా కదిలింది. రస్కు ముందు కాళ్ళు చకచకా నడిచాయి. వెనక కాళ్ళు మాత్రం పట్టాతో పాటు వెనక్కి జారిపోసాగాయి. పాదం మడత పడి పైభాగం రబ్బరుకు రాసుకుంటూ పోతుంటే కంగారక్క చూడలేకపోయింది. ఆమె చేతులు వాటంతటవే వెళ్ళి కాలును సగం దారిలో అందుకుని, పాదం సరిచేసి, ముందుకు తెచ్చి పెట్టాయి. ఆ వెంటనే రెండో కాలు. అది పెట్టేసరికి మళ్ళీ మొదటిది. పొట్ట పట్టీ కూడా, పాపం నడుము నొప్పి పుడుతుందేమోనని, ఇంకో పట్టు బిగించింది. దాంతో రస్కు పాదాలు పట్టాను ముద్దుపెట్టుకున్నట్టు తాకేవి తప్ప బరువన్నది ఎరిగేవి కావు.

చూడటానికి మాత్రం కన్నులపండువ. ఎడమ, కుడి, ఎడమ, కుడి. మధ్యాహ్నం దుకాణం మూసి వచ్చిన రొట్టెలావిడ అద్దంలోంచి చూసి కొయ్యబారిపోయింది.

"నడుస్తోంది! ఏయ్, నా రస్కు నడుస్తోంది! నువ్వు మనిషివి కాదక్కా, దేవతవి!"

అప్పటిదాకా ఆవిడ ఎవరినైనా పొగడగా ఆ వీధిలో విన్నవాళ్ళు లేరు. మర్నాటి నుంచి ఆసుపత్రికి రోజూ బుట్టెడు వేడి వేడి బన్నులు రాసాగాయి. కాపలాదారు చొక్కా బొత్తాలు బిగుతయ్యాయి. కంగారక్క ఇంటికి వెళ్ళి భర్తకు రస్కు అడుగుల గురించే చెప్పేది. నీళ్ళలో వంగి వంగి నడుము పట్టేసినా ఆమె పట్టించుకోలేదు. తన చేతుల్లో ఒక ప్రాణం నిలబడుతోందన్న సంతోషం ఆమె ముఖంలో కొట్టొచ్చినట్టు కనిపించేది. డాక్టరమ్మ ఆ రోజుల్లో ఆపరేషన్లతో తలమునకలై ఉంది. దారిలో కనబడ్డప్పుడు "ఎలా ఉంది?" అని అడిగితే "పరుగే తరువాయి" అని జవాబు వచ్చేది.

నెలాఖరుకు ఇంకో వారం ఉందనగా డాక్టరమ్మ తీరిక చేసుకుని నీళ్ళ గదికి వచ్చింది. రొట్టెలావిడ కూడా వచ్చి, పరీక్ష ఫలితం కోసం వచ్చిన తల్లిలా తయారై నిలబడింది. పట్టా కదిలింది. కంగారక్క చేతులు ఆడాయి. రస్కు కాళ్ళు ముచ్చటగా నడిచాయి.

"బాగుంది" అంది డాక్టరమ్మ. "ఇప్పుడు చేతులు తీసేయండక్కా."

కంగారక్క చేతులు తీసింది. రస్కు వెనక కాళ్ళు ఉతికి ఆరేసిన గుడ్డల్లా వేలాడాయి. పట్టా వాటిని వెనక్కి లాక్కుపోయింది. అవి అక్కడే ఉండిపోయాయి.

 డాక్టరమ్మ మీట కట్టేసి, తొట్టి అంచు మీద కూర్చుని, మెల్లగా అంది. "ఇన్నాళ్ళూ నడిచింది మీరేనక్కా. రస్కు కాదు."

కంగారక్కకు తల కొట్టేసినట్టయింది. రొట్టెలావిడ ముఖం ముందు పాలిపోయింది, తర్వాత ఎర్రబడింది. తిడుతుందనుకున్నారు. తిట్టినా బాగుండేది. రస్కును తువ్వాలులో చుట్టి, ఎవరి సాయమూ లేకుండా ఎత్తుకుని, గుమ్మం దగ్గర ఆగి, "ఆశ పెట్టకుండా ఉండాల్సింది" అని మాత్రం అని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం కంగారక్క ఇంట్లో దీపం కూడా వేయకుండా కూర్చుంది. భర్త రంగుల చేతులు కడుక్కుని వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. జరిగింది విన్నాడు. "నువ్వు..." అని మొదలుపెట్టాడు.

"నేనే దాని ప్రాణం తీశానంటారు. అంతేగా? అనండి. నేనే తీశాను" అని ఆమె భోరుమంది. ఆయన తెరిచిన నోరు తెరిచినట్టే మూసుకుని, మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టాడు.

మర్నాడు పొద్దున్నే ఆమె ఆసుపత్రికి కాక రొట్టెల దుకాణానికి వెళ్ళింది. పొయ్యి ముందు రస్కు పడుకుని ఉంది. రొట్టెలావిడ పిండిని పిసుకుతోందో గుద్దుతోందో చెప్పడం కష్టం.

"ఏం, ఇంకా ఏం మిగిలింది?" అంది తలెత్తకుండా.

"వారం మిగిలింది. నేను కాలు పోనివ్వాలని డాక్టరమ్మ మొదటి రోజే చెప్పింది. నేను పోనివ్వలేకపోయాను, చూడలేకపోయాను. ఇప్పుడు కూడా నా మీద నాకు నమ్మకం లేదు. నువ్వొచ్చి నా చేతులు పట్టుకోవాలి."

"ఏం పట్టుకోవాలి?"

"నా చేతులు. గట్టిగా. నేను బతిమాలినా వదలకూడదు."

రొట్టెలావిడ పిండి వదిలేసి ఆమె వంక అదోలా చూసింది. మనిషికి మతి పోయిందేమోనని అనుమానం. కానీ ఆ కళ్ళలో ఏం కనబడిందో ఏమో, చేతులు దులుపుకుని రస్కును ఎత్తుకుంది. ఆ రోజు దుకాణం తలుపు మీద మూసివేత పలక వేలాడింది. ఆ వీధివాళ్ళకు అది పెద్ద వార్త.

ఈసారి కంగారక్క రస్కు పొట్ట పట్టీ వదులు చేసింది, నీళ్ళు తగ్గించింది. ముందు కాస్త ఒరిగినా రస్కు పాదాలు మొదటిసారి పట్టా మీద పూర్తిగా ఆనాయి. చేతులు పట్టుకోవడంలో మాత్రం ఒక చిక్కు వచ్చింది. ముడికి మెలకువ రావడానికి తోక మొదలు దగ్గర కొంచెం నొక్కమని డాక్టరమ్మ చెప్పింది. ఈవిడ చేతులు బందీ అయితే నొక్కేదెవరు? రొట్టెలావిడ ఆలోచించలేదు. కంగారక్క మణికట్లు రెండూ కలిపి తన ఎడమ చేత్తో ఒడిసిపట్టింది. ఏళ్ళ తరబడి పిండి పిసికిన చెయ్యి, ఇనుప కట్టులా బిగిసింది. కుడి చేత్తో రస్కు తోక పట్టుకుంది.

పట్టా కదిలింది. ఎడమ కాలు వెనక్కి జారడం మొదలుపెట్టింది.

"పోతోంది" అంది కంగారక్క.

"పోనీ."

"పాదం మడత పడేలా ఉంది. ఒక్క వేలితో సర్దుతాను, ఒక్క వేలు!"

"అర వేలు కూడా కుదరదు."

"అమ్మో, చాలా వెనక్కి పోయింది. దానికి నొప్పిగా ఉందేమో. వదులు తల్లీ, నీకు దణ్ణం పెడతాను!"

"చేతులు నా దగ్గరున్నాయి, దణ్ణం ఎలా పెడతావు? నోరుమూసుకుని చూడు!"

కాలు పోయింది. ఇక సాగదు అనుకున్న చోటు దాటి ఇంకొంచెం సాగింది. కంగారక్క కళ్ళు గట్టిగా మూసుకుంది. అప్పుడు నీళ్ళలో చిన్నగా తపక్కుమని చప్పుడైంది.

కళ్ళు తెరిచేసరికి ఎడమ కాలు ముందుంది.

"నువ్వు పెట్టావా?" అంది కంగారక్క.

"నా రెండు చేతులూ నీకు కనబడుతూనే ఉన్నాయి కదే పిచ్చిమొహమా" అంది రొట్టెలావిడ. 

కుడి కాలు వెనక్కి పోయింది.  అది చాలాసేపు అక్కడే ఉండి, పాదం పైభాగం రాసుకుని, రానే రాదనిపించి, చివరికి కొంచెం వణికి, కప్ప గెంతినట్టు ముందుకు ఎగిరింది. అందంగా లేదు. కంగారక్క చేతులు నడిపించిన నడక ముందు ఇది ఎందుకూ పనికిరాదు. కానీ ఇది రస్కు సొంతం. ఇద్దరాడవాళ్ళూ తొట్టిలో మోకాళ్ళ మీద కూలబడి, తడిసి ముద్దయి, ఏడుస్తూ నవ్వుతూ ఉంటే వెనక్కి తిరిగి చూసిన రస్కుకు వీళ్ళకేమైందో అర్థం కాలేదు.

ఆ సాయంత్రం కంగారక్క ఇంటికి వచ్చి భర్తను ఎదురుగా కూర్చోబెట్టుకుంది. "నిన్న మీరు 'నువ్వు' అని ఏదో అనబోయారు. ఇప్పుడు చెప్పండి. నేను మధ్యలో మాట్లాడను" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆయన బెదిరిపోయాడు. అలవాటు లేని పని. "నువ్వు..." అన్నాడు. ఆగాడు. కంగారక్కకు ముళ్ళ మీద కూర్చున్నట్టు అయింది, అయినా ఊరుకుంది. "నువ్వు... అందరికీ చేస్తావు. నిన్ను... కాసేపు... కూర్చోబెట్టి... నేను కాఫీ పెట్టిద్దామనుకున్నాను."

ఇన్నేళ్ళ కాపురంలో ఇలాంటి మాటలు ఇంకెన్ని మింగేశానోనని ఆమెకు అప్పుడు తట్టింది. కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఆయన కాఫీ పెట్టాడు. అదీ నిదానంగానే పెట్టాడు. పాలు పొంగబోతుంటే ఆమె లేవబోయి, పీట అంచు పట్టుకుని కూర్చుంది. పాలు పొంగిపోయాయి. తుడుచుకున్నారు, కొంపేం మునగలేదు.

వారమంతా ఇద్దరాడవాళ్ళూ తొట్టిలోనే ఉన్నారు. క్రమంగా మణికట్లు పట్టుకోవలసిన అవసరం తగ్గింది, తర్వాత తోక నొక్కవలసిన అవసరం తగ్గింది. పట్టా వేగం పెంచితే రస్కు అడుగులు కూడా, ఎవరూ చెప్పకుండానే, పొట్టివై తొందరపడ్డాయి. వేగం తగ్గిస్తే సాగి నిదానించాయి. పడిపోవడాలు లేకపోలేదు. ఒకపూట బాగా నడిచి మర్నాడు మొరాయించేది. అప్పుడు రొట్టెలావిడ దాన్ని తిట్టేది, కంగారక్క రొట్టెలావిడను తిట్టేది. ఇంతకుముందు ఆవిడను తిట్టి నిలిచినవాళ్ళు లేరు.

చెప్పిన రోజు రానే వచ్చింది. డాక్టరమ్మ తొట్టిలో నడక చూసింది. పెదవి కొరుక్కుంటూ చాలాసేపు చూసి, "నీళ్ళు తీసేయండి. నేల మీద చూడాలి" అంది.

 నేల మీద నీళ్ళ సాయం ఉండదు, పట్టా సాయం ఉండదు. కాలును వెనక్కి లాగడానికి ముందు కాళ్ళ నడకే దిక్కు. కంగారక్క రస్కు పొట్ట కింద ఒక పాత దుప్పటి ముక్క జారవిడిచి, పడితే పట్టుకోవడానికి మాత్రమే, దాని రెండు కొసలూ వదులుగా పట్టుకుంది. రొట్టెలావిడ గదికి అవతలి కొసన, వసారాలోకి తెరుచుకునే తలుపు బయట నిలబడింది.

"రస్కూ, రా!"

రస్కు ముందు కాళ్ళు కదిలాయి. నడుము సాగింది. వెనక ఎడమ కాలు వెనక్కి పోయింది, పోయింది, టక్కున ముందుకొచ్చింది. తర్వాత కుడి కాలు. గచ్చు మీద గోళ్ళు టిక్కు టిక్కుమన్నాయి. నడుము పడవలా అటూ ఇటూ ఊగింది. కంగారక్క చేతుల్లో దుప్పటి వదులుగానే ఉంది. ఆ వదులు ఉంచడానికి ఆమె పడ్డ పాట్లు ఆమె పళ్ళకే తెలుసు.

"ఒక్క సంగతి చెప్పాలమ్మా" అంది డాక్టరమ్మ రొట్టెలావిడతో, రస్కు పక్కనే వంగి నడుస్తూ. "ఇది నడుస్తోంది కానీ, నడుస్తున్నట్టు దానికి తెలియదు. కాళ్ళ కబురు నడుము దాకానే వస్తుంది. తలకి చేరదు. ఇక చేరకపోవచ్చు కూడా."

"దానికి తెలియకపోతే ఏం, నాకు తెలుస్తోంది కదా" అంది ఆవిడ చేతులు చాచి.

గుమ్మం దగ్గర, నీళ్ళు వసారాలోకి పారకుండా వేసిన మందపాటి రబ్బరు కట్ట ఒకటి ఉంది. దాన్ని ఎవరూ గుర్తు పెట్టుకోలేదు. రస్కు ముందు కాళ్ళు దాన్ని దాటాయి. వెనక కుడి పాదం ముందుకు వస్తూ నేరుగా వెళ్ళి కట్టకు తగులుకుంది.

కంగారక్క దుప్పటి బిగించబోయింది. బిగించలేదు.

తగులుకున్న పాదం ఒక్క క్షణం ఆగి, అంతవరకూ ఎన్నడూ లేవనంత ఎత్తుకు లేచి, కట్ట మీదుగా దాటి అవతల పడింది. దాని వెనకే రెండోది కూడా తగిలి, లేచి, దాటింది.

"ఇది మనం నేర్పలేదు!" అని డాక్టరమ్మ చిన్నపిల్లలా అరిచింది. "అడ్డం తగిలితే ఎత్తి దాటాలని ఆ ముడే తేల్చుకుంది. మనమెవరమూ నేర్పలేదక్కా!" ఆమె తెల్లకోటు జేబులో పొద్దుట నుంచీ ఉన్న మందు సీసాను తీసి కాపలాదారు చేతిలో పెట్టి, లోపల బీరువాలో పెట్టి రమ్మంది. అదేమిటో ఎవరూ అడగలేదు, అందరికీ అర్థమైంది. రొట్టెలావిడ గోడకు ఆనుకుని కొంగుతో ముఖం కప్పుకుంది. మెట్ల దగ్గర ఎత్తాలి, పుళ్ళు కడగాలి, పాసు పోయించాలి, పని ఇంకా బోలెడుంది. కానీ ఆ సీసా వెళ్ళిపోయింది.

రస్కు వసారాలో నాలుగడుగులు వేసి ఉన్నట్టుండి ఆగింది. ముందు కాళ్ళు ఆగినా వెనకది ఇంకొక అడుగు వేసి గచ్చు మీద టిక్కుమంది. రస్కు చెవులు నిక్కబొడిచింది. తన వెనకే, తన వెంటే ఎవరో వస్తున్నారు. మెడ తిప్పి అనుమానంగా వెనక్కి చూసి చిన్నగా గుర్రుమంది.

రొట్టెలావిడ కొంగు తీసి, దాని ముందు గొంతుక్కూర్చుని, ఆ పెద్ద తలను రెండు చేతుల్లోకి తీసుకుంది.

"ఎవరూ లేరురా పిచ్చివాడా. నువ్వే. నీ వెనక వస్తున్నది నువ్వేరా."

రస్కు ఆవిడ మాట వింది. మళ్ళీ వంగి ఆ కొత్త కాళ్ళను వాసన చూసింది, ఒక పాదం నాకింది. తర్వాత తల ముందుకు తిప్పుకుని నడిచింది. వెనక టిక్కు టిక్కుమంటూనే ఉన్నా ఈసారి అది ఆగి చూడలేదు.